జపాన్‌లో అద్దె ఇల్లు, నిత్యజీవితంలో వివక్ష: అక్కడ ఉంటున్న తెలుగువారికి ఒక మార్గదర్శి

టోక్యోలో ఇల్లు వెతకడానికి ఏజెంటు దగ్గరికి వెళ్లిన మనవాళ్లలో చాలామందికి ఒక దృశ్యం బాగా పరిచయం. మనకు నచ్చిన నాలుగైదు ఇళ్ల కాగితాలను ఆయన బల్ల మీద పరిచి, ఒక్కొక్క ఇంటి నిర్వహణ సంస్థకు ఫోను చేస్తాడు. మాటల మధ్యలో "గైకోకుజిన్", అంటే విదేశీయుడు అన్న పదం వినిపిస్తుంది. కాసేపటికి ఆయన ఫోను పెట్టేసి, రెండు చూపుడువేళ్లను ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించి, ఎంతో మర్యాదగా తల వంచి క్షమాపణ చెబుతాడు. మన జీతమెంతో, ఎక్కడ ఉద్యోగం చేస్తున్నామో అప్పటికి ఎవరూ అడిగి ఉండరు.

ఇది ఒకరిద్దరి అనుభవం కాదు. జపాన్ న్యాయ మంత్రిత్వ శాఖ 2016 చివర్లో విదేశీ నివాసులను ప్రశ్నించి, 2017లో ఫలితాలను ప్రకటించింది. అంతకు ముందు ఐదేళ్లలో ఇల్లు వెతికినవారిలో 39.3 శాతం మంది తాము విదేశీయులమైనందుకే ఇల్లు ఇవ్వలేదన్నారు. జపాన్ పౌరుడైన పూచీదారు లేనందుకు ఇవ్వలేదన్నవారు 41.2 శాతం. "విదేశీయులకు ఇవ్వబడదు" అన్న ప్రకటన చూసి ఆ ఇంటి ఆశ వదులుకున్నవారు 26.8 శాతం. ఈ మూడు అంకెల్లో రెండోదాన్ని నేను ముఖ్యంగా గమనించమంటాను. జపాన్‌లో మనకు ఎదురయ్యే నిరాకరణల్లో కాగితాలతో తొలగించగలిగేవి కొన్ని, ఏ కాగితం చూపించినా తొలగనివి కొన్ని ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా, అదే నమ్రతతో, అదే వంచిన తలతో వస్తాయి. వాటిని విడదీసి చూడడం నేర్చుకోనివారు మొదటి రకానికి అనవసరంగా మనసు కష్టపెట్టుకుంటారు, రెండో రకం ఎదురైనప్పుడు చేయవలసింది చేయకుండా ఊరుకుంటారు.

మొదటి రకం సంగతి ముందు చూద్దాం. జపాన్‌లో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే అద్దె కట్టకపోతే తానే కడతానని మాట ఇచ్చే పూచీదారు ఉండాలనేది పాత ఆచారం. సాధారణంగా తండ్రో అన్నదమ్ములో ఆ బాధ్యత తీసుకుంటారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న నాన్నగారి సంతకం అక్కడ చెల్లదు కనుక ఈ ఆచారం విదేశీయులందరి మీదా గోడలా నిలబడింది. ఇప్పుడు దాని స్థానాన్ని చాలావరకు "హోషో గైషా" అనే పూచీ సంస్థలు తీసుకున్నాయి. మొదట్లో నెల అద్దెలో సగం నుంచి పూర్తి నెల అద్దె దాకా రుసుము తీసుకుని, ఆ తర్వాత ఏడాదికోసారి పది వేల యెన్‌ల లాంటి చిన్న మొత్తం వసూలు చేసి, ఇంటి యజమానికి అవి పూచీ పడతాయి. 2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన పౌర స్మృతి సవరణ ప్రకారం, వ్యక్తి పూచీదారుగా ఉంటే ఆయన భరించవలసిన గరిష్ఠ మొత్తాన్ని ఒప్పందంలో అంకెతో రాయాలి, లేకపోతే ఆ పూచీ చెల్లదు. ఆ అంకె చూసి వ్యక్తులు జంకడం, యజమానులు సంస్థల వైపు మొగ్గడం ఎక్కువయింది. ఇది మనకు మేలే. కాబట్టి ఏజెంటుతో మొదటి మాటగానే, విదేశీయుల దరఖాస్తులను తీసుకునే పూచీ సంస్థతో సంబంధమున్న ఇళ్లనే చూపించమని అడగాలి. విదేశీయుల కోసమే అనేక భాషల్లో సేవలందించే పూచీ సంస్థలు కూడా ఉన్నాయి.

పూచీ సంస్థ మన దరఖాస్తును పరిశీలిస్తున్నప్పుడు మనకు ఒక ఫోను వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగం, అద్దె మొత్తం సరిచూసుకోవడానికి చేసే ఫోను అది, ఎక్కువసార్లు జపనీస్‌లోనే సాగుతుంది. తెలియని నంబరని ఎత్తకపోయినా, ఎత్తి ఇంగ్లీషులో తడబడినా, దరఖాస్తు అక్కడే ఆగిపోయే ప్రమాదముంది. ఆ నాలుగు జవాబులనూ ముందుగా కాగితం మీద రాసుకుని బట్టీ పట్టినా తప్పులేదు. భాష రానందుకు ఇల్లు దొరకలేదని చెప్పుకునే కథల్లో కొన్ని నిజానికి ఎత్తని ఫోను కథలు.

కాగితాలన్నీ ఒక ఫైలులో, ఏజెంటు అడగకముందే బల్ల మీద ఉండాలి. జైర్యూ కార్డు అని పిలిచే నివాస కార్డు రెండు వైపుల నకలు, పాస్‌పోర్టు, వార్డు కార్యాలయమిచ్చే నివాస ధ్రువపత్రం జూమిన్‌హ్యో, కంపెనీ ఇచ్చే ఉద్యోగ ధ్రువపత్రం, కిందటేడు ఆదాయాన్ని, కోసిన పన్నును చూపే గెన్సెన్ చోషూహ్యో లేదా మూడు నెలల జీతం చీటీలు, బ్యాంకు పుస్తకం, జపాన్‌లోనే ఉండే ఒక అత్యవసర సంప్రదింపు వ్యక్తి పేరు, ఫోను నంబరు అందులో ఉండాలి. ఈ అత్యవసర వ్యక్తి పూచీదారు కాడు, డబ్బు బాధ్యత ఆయనకు ఉండదు. ఈ తేడా వివరించి చెబితే సహోద్యోగులు సులువుగానే ఒప్పుకుంటారు. వీసా గడువు ఏడాదే మిగిలి ఉందనీ, ఒప్పందమేమో రెండేళ్లదనీ యజమాని సందేహిస్తే, ఉద్యోగం శాశ్వతమైనదనీ వీసా పొడిగింపుకు సంస్థ దరఖాస్తు చేస్తుందనీ కంపెనీ నుంచి ఒక ఉత్తరం తెచ్చివ్వడం మంచి జవాబు.

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చిపడే చిక్కు పేరుతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, రెండు మూడు ముక్కల సొంత పేరు మరోచోట ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. నివాస కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే రోమన్ అక్షరాల్లో పేరంతా పడుతుంది గానీ బ్యాంకు ఫారాలు, పూచీ సంస్థ ఫారాలు విదేశీ పేర్లు రాయడానికి వాడే కతకానా లిపిలో, లెక్కపెట్టిన గడుల్లో రాయమంటాయి. ఒకచోట దీర్ఘం పెట్టి, మరోచోట పెట్టకుండా, ఇంకోచోట ఇంటిపేరును చివర రాస్తే కంప్యూటరు లెక్కలో మీరు ముగ్గురు మనుషులు. జపాన్‌లో దిగిన మొదటి వారంలోనే కతకానాలో ఒకే రూపం ఖాయం చేసుకుని, బ్యాంకులో, ఫోను కంపెనీలో, ఆఫీసులో, అద్దె ఒప్పందంలో అక్షరం మారకుండా అదే వాడాలి. (అక్కడ ఇంటిపేరుకే "సాన్" తగిలించి పిలుస్తారు కాబట్టి, ఊళ్లో పెళ్లి పత్రికల మీద తప్ప వినిపించని మన ఇంటిపేరు ఆఫీసంతా మారుమోగుతుంది. అది వివక్ష కాదు, కొన్నాళ్లకు బాగానే ఉంటుంది.)

డబ్బు విషయంలో సిద్ధంగా లేకపోతే, వివక్షకూ మామూలు ఆచారానికీ తేడా తెలియక తికమక పడతాం. షికికిన్ మన అడ్వాన్సు లాంటిది, లెక్కలు చూసుకున్నాక మిగిలింది తిరిగి వస్తుంది. రేకిన్ యజమానికి ఇచ్చే బహుమానం, తిరిగి రాదు. దీన్ని విదేశీయుల దగ్గరే గుంజుతున్నారని అపోహపడేవారున్నారు గానీ జపాన్‌వాళ్లూ ఇస్తారు. వీటికి ముందస్తు అద్దె, పూచీ రుసుము, అగ్నిప్రమాద బీమా, తాళం మార్చే ఖర్చు, ఏజెంటు రుసుము కలిపితే మొదటి రోజే నాలుగు నుంచి ఆరు నెలల అద్దె చేతిలో ఉండాలి. ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగింది నియమం ప్రకారం సగం నెల అద్దె, దానిపై పన్ను. మనం ముందుగా ఒప్పుకుంటేనే ఒక నెల అద్దె దాకా తీసుకోవచ్చు. అంతకు మించి అడిగినా, విదేశీయుడవు కాబట్టి అడ్వాన్సు రెట్టింపు అన్నా, దాన్ని ఆచారమని సరిపెట్టుకోనక్కర్లేదు.

కాగితాలు ఎంత బాగున్నా వరసగా పది ఇళ్లు కాదంటే మనిషి అలసిపోతాడు. అలాంటివారికి నేను చెప్పే మొదటి మాట యూఆర్ ఇళ్ల గురించి. ప్రభుత్వ ఆధ్వర్యంలోని పట్టణ పునరుజ్జీవన సంస్థ అద్దెకిచ్చే ఈ ఇళ్లకు పూచీదారు అక్కర్లేదు, రేకిన్ లేదు, ఏజెంటు రుసుము లేదు, రెండేళ్లకోసారి కట్టే పొడిగింపు రుసుము కూడా లేదు. రెండు నెలల అడ్వాన్సు చాలు. మధ్యకాల, దీర్ఘకాల నివాస హోదా ఉన్న విదేశీయులు దరఖాస్తు చేయవచ్చు. ఆదాయం ఉందా లేదా అన్నదే ప్రశ్న: కుటుంబంతో ఉండేవారికి అద్దె 82,500 యెన్‌ల లోపు ఉంటే నెల ఆదాయం అద్దెకు నాలుగు రెట్లుండాలి, అది దాటి రెండు లక్షల యెన్‌ల లోపు ఉంటే నెలకు 3,30,000 యెన్‌లు ఉండాలి. ఆదాయం చాలకపోతే అద్దెకు వంద రెట్ల పొదుపు చూపించినా, ఏడాది అద్దె ముందుగా కట్టినా ఒప్పుకుంటారు. టోక్యోలోని ఎదొగావా వార్డులో నిషి కసాయి చుట్టూ భారతీయులు ఇంతమంది ఎందుకున్నారని చాలామంది అడుగుతారు. 2000 సంవత్సరం ముందూ వెనకా కంప్యూటర్ నిపుణులు వస్తున్న రోజుల్లో, ఆర్థిక సంస్థలుండే ఓతెమాచి, నిహొంబాషి ప్రాంతాలకు తోజాయ్ లైను రైలులో నేరుగా చేరుకోగలగడం ఒక కారణం. పూచీదారు అడగని ఇలాంటి పెద్ద పెద్ద భవన సముదాయాలు అక్కడ ఉండడం మరో కారణం. నిరాకరణలు మనుషులను ఒకచోటికి ఎలా నెడతాయో ఆ పేట చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు అక్కడ కందిపప్పు, కరివేపాకు దొరుకుతున్నాయి, భారతీయ పాఠశాలలున్నాయి అన్నది ఆ తర్వాతి కథ.

కంపెనీ పేరు మీద ఒప్పందం రాయించుకోవడం మరో మార్గం. యజమానులు సంస్థను చూసి ఒప్పుకుంటారు, కానీ ఉద్యోగం మానేస్తే ఇల్లూ ఖాళీ చేయాలి. ఆ ఇంటిని ఒకటి రెండేళ్లు వాడుకుని, సమయానికి అద్దె కట్టిన చరిత్ర సంపాదించుకుని, తర్వాత సొంత పేరుతో వెతకడం తెలివైన పని. ప్రభుత్వ మునిసిపల్ ఇళ్లకు లాటరీ ఉంటుంది, ఓపిక ఉన్నవారు వేయవచ్చు. ఇవి కాక, ఇల్లు దొరకడం కష్టమయ్యే వర్గాల్లో విదేశీయులనూ చేర్చి, 2017లో సవరించిన నివాస భద్రతా వలయ చట్టం కింద "వీరిని కాదనం" అని నమోదు చేయించుకున్న ప్రైవేటు ఇళ్లున్నాయి. వాటి జాబితాను, సహాయపడే గుర్తింపు సంస్థల వివరాలను వార్డు కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు "గైకోకుజిన్ కా" అన్న గుర్తుంటే విదేశీయులకు ఇస్తారని, "ఫుకా" అని ఉంటే ఇవ్వరని అర్థం.

ఒప్పందం చేతికి వచ్చాక ఒక్క పదం తప్పకుండా చూసుకోవాలి. "ఫుత్సూ" అంటే మామూలు అద్దె ఒప్పందమైతే, న్యాయమైన కారణం లేకుండా యజమాని పొడిగింపును కాదనలేడు, కొత్త యజమాని వచ్చి విదేశీయులు నచ్చరన్నా సరే. "తెయికి" అంటే నిర్ణీత కాలపు ఒప్పందమైతే గడువు తీరగానే హక్కు పోతుంది. కొందరు యజమానులు విదేశీయులకు ఈ రెండో రకం కాగితాన్నే ముందుకు తోస్తారు. అద్దె తక్కువగా ఉంటే తెలిసి ఒప్పుకోవచ్చు, తెలియక సంతకం చేయకూడదు.

ఇక రెండో రకం నిరాకరణ. ఆదాయం చూపించారు, పూచీ సంస్థ ఒప్పుకుంది, జపనీస్ మాట్లాడుతున్నారు, అయినా యజమాని విదేశీయుడు వద్దన్నాడు. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు, "పోనీలే, వాళ్ల ఇల్లు వాళ్ల ఇష్టం" అని లేచిరావడం. ఇలా అనుకోవడానికి మన దగ్గరి అలవాటు కూడా కారణమని నా అనుమానం. హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కిన మనిషిని "మీరేమిటోళ్లు?" అని అడగడం, పెళ్లికానివాళ్లకూ మాంసం తినేవాళ్లకూ ముస్లింలకూ లేదనడం మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. మనలో కొందరం ఆ మాట అన్నవాళ్లమే. అవతలివైపు నిలబడ్డప్పుడే అది మామూలు విషయం కాదని అర్థమవుతుంది.

జపాన్‌లో జాతి వివక్షను నేరుగా నిషేధించి శిక్ష వేసే సమగ్ర చట్టం లేదు. అంతమాత్రాన న్యాయస్థానాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. రాజ్యాంగంలోని 14వ అధికరణం, జపాన్ 1995లో చేరిన జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక, పౌర స్మృతిలోని నష్టపరిహార నియమం, ఈ మూడింటినీ కలిపి చదివి తీర్పులిచ్చాయి. 1999లో హమమత్సు నగరంలో బ్రెజిల్ దేశపు మహిళను నగల దుకాణం నుంచి బయటికి పొమ్మన్న కేసులో 15 లక్షల యెన్‌ల పరిహారం ఇమ్మన్నారు. ఒతారులో "జపాన్‌వాళ్లకు మాత్రమే" అని బోర్డు పెట్టిన వేడినీటి స్నానశాల ముగ్గురికి తలా పది లక్షల యెన్‌లు చెల్లించాలని 2002లో సప్పొరో జిల్లా కోర్టు చెప్పింది. ఆ ముగ్గురిలో ఒకరు అప్పటికే జపాన్ పౌరసత్వం తీసుకున్నవారు, అయినా ముఖం చూసి పంపేశారు. ఇంటి అద్దె విషయంలోనే, కొరియా జాతీయురాలన్న కారణంతో ఒప్పందానికి ఒప్పుకోని యజమాని 11 లక్షల యెన్‌లు చెల్లించాలని 2007లో క్యోటో జిల్లా కోర్టు తీర్పునిచ్చింది. మనకు మరింత దగ్గరిది 2003 జనవరిలో సయితామా జిల్లా కోర్టు ఇచ్చిన తీర్పు. ఇల్లు వెతుకుతున్న ఒక భారతీయుణ్ణి ఏజెంటు ఉద్యోగి ఫోనులో ఒంటి రంగు ఏమిటని, మామూలు రంగేనా అని అడిగితే, ఆ ప్రశ్నే చట్టవిరుద్ధమని కోర్టు పరిహారం ఇప్పించింది.

ఈ తీర్పులు వచ్చినవారందరి దగ్గరా ఉన్నది రుజువు. కాబట్టి కోపం వచ్చిన క్షణంలో చేయవలసింది గొంతు పెంచడం కాదు, కారణాన్ని మాటల్లోకి రప్పించడం. "రియూ ఒ ఒషియెతె కుదసాయ్", అంటే కారణం చెప్పండి అని నింపాదిగా అడగాలి. ఏజెంటు "ఇక్కడ కొంచెం కష్టమండీ" అని నసుగుతాడు. "కొంచెం కష్టం" అన్నది జపనీస్‌లో కుదరదు అనడానికి మర్యాద రూపం, అది కారణం కాదు. ఆదాయమా, పూచీయా, వీసాయా, జాతీయతా అని విడివిడిగా అడిగితే మొదటి మూడూ కాదని తేలిపోతుంది. అదే రోజు ఏజెంటుకు మెయిల్ రాయాలి: ఫలానా తేదీన ఫలానా ఇంటికి దరఖాస్తు చేశాను, జాతీయత కారణంగా యజమాని నిరాకరించారని మీరు చెప్పారు, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలియజేయండి అని. జవాబు వస్తే అది రాతపూర్వక రుజువు, రాకపోయినా మీ మెయిల్ తేదీతో సహా మిగులుతుంది. తాను పాల్గొన్న సంభాషణను రికార్డు చేసుకోవడం జపాన్‌లో నేరం కాదు. ఇంటి ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. అది అదే వారంలో మాయం కావచ్చు.

రుజువు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాతి మెట్టు. న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే విదేశీ భాషల మానవ హక్కుల ఫోను నంబరు 0570-090911. పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా పనిచేస్తుంది. ఆ భాషల్లో తెలుగూ హిందీ లేవు, ఇంగ్లీషు ఉంది. వారు విచారించి, తప్పు చేసినవారిని మందలించగలరు, ఇరుపక్షాల మధ్య మాట కుదర్చగలరు. బలవంతంగా ఇల్లు ఇప్పించలేరు. ఈ పరిమితి తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. అయినా ప్రభుత్వ శాఖ నుంచి ఫోను వచ్చిందంటే నిర్వహణ సంస్థలు మామూలుగా తీసుకోవు. న్యాయ సలహాకు హోతెరసు అనే ప్రభుత్వ న్యాయ సహాయ కేంద్రం ఉంది, దాని బహుభాషా నంబరు 0570-078377. ఆదాయం తక్కువైనవారికి ఉచితంగా న్యాయవాదితో మాట్లాడిస్తుంది. వీసా, ఉద్యోగం, హక్కుల సందేహాలకు ఒకేచోట జవాబు దొరికే కేంద్రం టోక్యోలోని యొత్సుయాలో 2020 నుంచి ఉంది. ఏజెంటే తప్పు చేస్తే, ఆయనకు లైసెన్సు ఇచ్చిన ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి విభాగం) కార్యాలయానికీ ఫిర్యాదు చేయవచ్చు. నష్టపరిహారం కోరదలచుకుంటే, జరిగిన హాని, చేసినవారు ఎవరో తెలిసిన నాటి నుంచి మూడేళ్ల లోపు దావా వేయాలి.

ప్రతి నిరాకరణ మీదా పోరాడమని నేను చెప్పను. ఈ నెలాఖరుకు పిల్లలతో ఉండడానికి ఇల్లు కావాలి అన్నవారు ముందు ఇల్లు చూసుకోవాలి. మెయిల్ రాసి దాచుకోవడానికి పది నిమిషాలు చాలు, పోరాటం తర్వాతైనా చేయవచ్చు. సామాజిక మాధ్యమాల్లో యజమాని పేరు, ఫోటో పెట్టి దుమ్మెత్తిపోయడం మాత్రం చేయవద్దు. జపాన్ చట్టంలో నిజమైన మాట అయినా ఒకరి పరువు తీస్తే పరువునష్టం కావచ్చు. ప్రజాప్రయోజనం కోసమే చెప్పానని, అది నిజమని నిరూపించుకోవలసిన భారం చెప్పినవారి మీద పడుతుంది. బాధితుడిగా మొదలై ముద్దాయిగా తేలడం ఎవరికీ అవసరం లేదు.

నిత్యజీవితంలో ఎదురయ్యేవి చాలావరకు ఇంత స్పష్టంగా ఉండవు. కిక్కిరిసిన రైలులో మన పక్క సీటు మాత్రం ఖాళీగా ఉంటుంది. పదేళ్లు అక్కడే ఉన్నా "మీకు జపనీస్ ఎంత బాగా వచ్చో" అని మెచ్చుకుంటారు. మనం జపనీస్‌లో అడిగితే పక్కనున్న జపాన్ స్నేహితుడి వైపు తిరిగి జవాబిస్తారు. వీటిని తూచే తూకం ఒక్కటే: దీనివల్ల నాకు రావలసిన ఇల్లో, సేవో, ఉద్యోగమో, జీతమో పోయిందా? పోకపోతే దాన్ని ఎదుటివారి బెరుకుగానో అలవాటుగానో వదిలేయడం ఆరోగ్యానికి మంచిది. ఖాళీ సీటు ఉంటే కాళ్లు చాపుకుని కూర్చోవచ్చునని ఒక పెద్దాయన నాకు చెప్పిన సలహాను నేనిప్పటికీ పాటిస్తున్నాను. రావలసింది పోతే మాత్రం పైన చెప్పిన పద్ధతే: కారణం అడగడం, రాసుకోవడం, చెప్పవలసిన చోట చెప్పడం.

పోలీసులు దారిలో ఆపడం వేరే సంగతి. పదహారేళ్లు దాటిన విదేశీ నివాసి నివాస కార్డును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, లేకపోతే రెండు లక్షల యెన్‌ల దాకా జరిమానా పడవచ్చు. చెత్త పడేయడానికి కిందికి దిగినా జేబులో ఉండవలసిందే. పోలీసు అడిగితే చూపించాలి, తాను పోలీసునని నిరూపించే గుర్తింపును చూపమని మనమూ అడగవచ్చు. సంచి వెతకడం మాత్రం మన సమ్మతి మీద జరగవలసింది. ముఖం చూసి ఆపుతున్నారంటూ ముగ్గురు నివాసులు 2024 జనవరిలో టోక్యో జిల్లా కోర్టులో దావా వేశారు. ఒకే చోట పదే పదే ఆపుతుంటే తేదీ, సమయం, ఠాణా పేరు రాసుకోండి. హోటళ్ల దగ్గర ఇంకో చిన్న చిక్కు: పాస్‌పోర్టు చూపాలన్న నియమం జపాన్‌లో చిరునామా లేని విదేశీయులకు మాత్రమే వర్తిస్తుంది. అక్కడే నివసించేవారు చిరునామా రాస్తే చాలు.

బ్యాంకుల్లో ఖాతా తెరవబోతే, జపాన్‌కు వచ్చి ఆరు నెలలు దాటాకే రమ్మనడం మామూలు. కానీ జపాన్‌లోని కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్న వ్యక్తిని విదేశీ మారక ద్రవ్య నియమాలు మొదటి రోజు నుంచే నివాసిగా లెక్కిస్తాయని ఉద్యోగ ధ్రువపత్రం చూపించి చెబితే కొన్ని శాఖలు ఒప్పుకుంటాయి. ఆఫీసులో అయితే, జాతీయత కారణంగా జీతంలో, పని షరతుల్లో తేడా చూపకూడదని కార్మిక ప్రమాణాల చట్టం మూడో అధికరణంలోనే ఉంది. ఇది ఉద్యోగంలో చేరాక వర్తించే రక్షణ.

ఇల్లు దొరికాక, యజమానులు చెప్పే భయాల్లో కొన్ని నిజంగానే తీర్చదగ్గవి. భాష రాకపోవడం, చెత్త, శబ్దం, వంట వాసన, చెప్పకుండా బంధువులను చేర్చుకోవడం అన్నవి వాళ్లు ఎప్పుడూ ఏకరువు పెట్టే జాబితా. కాలే చెత్త, కాలని చెత్త, సీసాలు, డబ్బాలు ఏ రోజు ఏవి వేయాలో చెప్పే పట్టిక వార్డు కార్యాలయంలో ఇంగ్లీషులో దొరుకుతుంది. పాత మంచం, కుర్చీ లాంటి పెద్ద వస్తువులకు డబ్బు కట్టి స్టిక్కరు అంటించాలి. చేరిన పద్నాలుగు రోజుల్లో కొత్త చిరునామా నమోదు చేయించుకోవాలి. పక్కింటివారికీ కింది ఇంటివారికీ ఒక చిన్న తువ్వాలో బిస్కట్ల పొట్లమో ఇచ్చి నమస్కరించడం అక్కడి పద్ధతి. తర్వాత ఎప్పుడైనా మన పాప రాత్రి ఏడ్చినా, వాళ్లు నిర్వహణ సంస్థకు కాక నేరుగా మనకు చెబుతారు. పోపు విషయంలో నాదొక్కటే సలహా: నూనె వేడెక్కకముందే పొగగొట్టం ఫ్యాను వేయండి, నెలకోసారి దాని జల్లెడ కడగండి. ఇంగువ వాసన రెండు రోజుల్లో పోతుంది గానీ గోడకాగితం మీద పట్టిన నూనె జిడ్డు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులోంచి కోతగా తిరిగి వస్తుంది.

ఖాళీ చేసేటప్పుడు విదేశీయులను ఎక్కువ కోత కోస్తారన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. దీనికి మందు చేరిన రోజే వేసుకోవాలి: సామాను దించకముందు ప్రతి గోడ, నేల, గీత, మరక తేదీ పడేలా ఫోటో తీసి ఏజెంటుకు మెయిల్‌లో పంపాలి. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదల అద్దెదారు భరించనక్కర్లేదని 2020 నుంచి పౌర స్మృతిలోనే రాసి ఉంది. భూమి, మౌలిక వసతుల మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల ప్రకారం గోడకాగితం విలువ ఆరేళ్లలో దాదాపు సున్నాకు వస్తుంది. ఏడేళ్లు ఉన్న ఇంటికి మొత్తం కొత్త గోడకాగితం ఖర్చు మీ మీద వేస్తే, ఆ మార్గదర్శకాల పేరు చెప్పి పద్దుల వారీగా బిల్లు అడగండి. సగం కోతలు ఆ ఒక్క మాటతోనే తగ్గిపోతాయి. తగ్గకపోతే 188 నంబరుకు ఫోను చేస్తే దగ్గరి వినియోగదారుల కేంద్రానికి కలుపుతారు. అక్కడా తేలకపోతే, ఆరు లక్షల యెన్‌ల లోపు మొత్తానికి చిన్న కేసులు చూసే సమ్మరీ కోర్టులో చిన్న మొత్తాల దావా వేయవచ్చు. అది మామూలుగా ఒక్క వాయిదాలో ముగుస్తుంది, న్యాయవాది తప్పనిసరి కాదు, కానీ అక్కడ మాట్లాడవలసింది జపనీస్‌లోనే కాబట్టి భాష బాగా వచ్చిన స్నేహితుణ్ణి ముందుగా కూర్చోబెట్టుకుని, చేరిన రోజు ఫోటోలను, మెయిళ్లను తేదీల వరసలో పేర్చి తీసుకెళ్లండి.